తాతల భవంతి కట్టె గుత్తకు అడుగుతున్నారు, ఇచ్చేయాలా?

మల్కాజిగిరి_మనవడు
జనగామ దగ్గర మా ఊళ్ళో తాతల నాటి భవంతి ఇల్లు. మొన్నటి వానలకు వెనక భాగం కూలింది. మిగిలింది ఎవరి మీద పడుతుందో అని మా బాపు, ఇద్దరు చిన్నాన్నలు కలిసి దింపేయడానికి ఒప్పుకున్నారు. పాత సామాను కొనే ఒకాయన వచ్చి, ఇంటి చుట్టూ ఒక్క రౌండు కొట్టి, "కట్టె మొత్తం గుత్తగా లక్షా ఎనభై, దింపుకునే ఖర్చు మాదే" అన్నాడు. 22 దూలాలు, 8 స్తంభాలు, నాలుగు చిన్న దర్వాజలు, ఒక పెద్ద దర్వాజ. వాసాలు లెక్కపెట్టలేదు. చిన్నాన్న ఇచ్చేద్దాం అంటున్నాడు. నాకు మనసు ఒప్పట్లేదు. అలాగని నేనుండేది మూడో అంతస్తులో 1,150 అడుగుల ఫ్లాట్. దూలం తెచ్చి సోఫా పక్కన నిలబెట్టుకోనా? వచ్చే ఆదివారం లారీ తెస్తానన్నాడు. తెలిసినవాళ్ళు ఏదో ఒకటి చెప్పండి.

ఇంకో సంగతి. పెద్ద దర్వాజ పైకమ్మి మీద ౧౩౩౯ అని చెక్కి ఉంది. అదేంటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

టేపు_పట్టినవాడు
గుత్త అన్న మాట వినగానే లేచి వచ్చేయాలి. కొలవకుండా బేరమేంటి?

బిర్యానీలో_ఆలూ
1339 అంటే కాకతీయుల రాజ్యం పోయిన 16 ఏళ్ళకు కట్టారన్నమాట. అన్నా, అది ఇల్లు కాదు, పురావస్తు శాఖకు ఫోన్ చెయ్యి 😂

మల్కాజిగిరి_మనవడు
నేనూ మొదట అదే అనుకుని కాసేపు గర్వపడ్డాను.

నిజాం_గడియారం
అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి. 590 కలిపితే మన సంవత్సరం దగ్గరికి వస్తుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1339 అంటే 1929 అక్టోబరు నుంచి 1930 అక్టోబరు దాకా. మీ పాత పట్టా కాగితాలు తీసి చూడండి, అక్కడా ఇదే లెక్క కనిపిస్తుంది.

బిర్యానీలో_ఆలూ
అయితే పురావస్తు శాఖకు వద్దులే.

టేపు_పట్టినవాడు
కట్టె లెక్క ఇలా. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకో. మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. అడితిలో సీఎఫ్‌టీ అంటారు. నీ దూలం 12 అడుగులు, 8కి 6 అంగుళాలు అనుకుందాం. 576ను 144తో భాగిస్తే 4. ఇరవై రెండింటికి 88. స్తంభం 8 అడుగులు, 6కి 6 అయితే ఒక్కోటి 2, ఎనిమిదింటికి 16. మొత్తం 104. నేను రెండేళ్ళ కింద మా మేనమామ ఇంటి పాత టేకు ఘనపుటడుగు 1,800కి అమ్మించాను. ఆ లెక్కన నీ దూలాలు, స్తంభాలకే 1,87,200. అంటే వాసాలు, దర్వాజలన్నీ ఆయనకు కొసరు!

కూకట్‌పల్లి_కిరాయిదారు
కొసరే లక్ష దాటేలా ఉంది.

వడ్లోళ్ళ_బిడ్డ
టేపు అన్న లెక్క కరెక్టే, కానీ 22 దూలాలూ టేకే అని ఎవరన్నారు? మా తాత, నాన్న ఇద్దరూ వడ్ల పని, అంటే వడ్రంగం చేసినవాళ్ళే. మన వైపు పాత ఇళ్ళలో కళ్ళకు కనిపించేది టేకు, కనిపించనిది ఏది దొరికితే అది. దర్వాజ, స్తంభాలు టేకు పెట్టించుకునేవాళ్ళు. పై దూలాలకు నల్లమద్ది, ఏగిస, ఒక్కోసారి వేప. పేదిళ్ళలో అయితే తాటి దూలాలు. అన్నిటి మీదా తొంభై ఏళ్ళ పొగ, సున్నం, దుమ్ము పట్టాక అన్నీ ఒకే నలుపు. చూసి చెప్పడం మా నాన్న వల్ల కూడా కాదు.

ఉలితో కనపడని చోట పొరక లేపి చూడాలి. టేకు లోపల పచ్చటి గోధుమ రంగులో ఉంటుంది, వేలితో రాస్తే కొంచెం జిడ్డుగా తగులుతుంది. వాసన కొత్త తోలు చెప్పు లాంటిది, ఒక్కసారి పీలిస్తే మర్చిపోరు. నల్లమద్ది ముదురు రంగు, బాగా బరువు, పొడవునా నెర్రెలు ఉంటాయి. ఏగిస అనుమానం ఉంటే పొరకలు గాజు గ్లాసులో నీళ్ళు పోసి నానబెట్టి ఎండలో పెట్టండి. నీళ్ళు పచ్చబడి, పక్క నుంచి చూస్తే నీలంగా మెరుస్తాయి.

తర్వాత చివరలు. దూలం నడుమ ఇనుములా ఉంటుంది, గోడలోకి దిగిన అడుగు పొడవు ముక్క మాత్రం చెమ్మకు, చెదకు పోతుంది. గడ్డపార వెనక వైపుతో చివర నుంచి కొట్టుకుంటూ రండి. ఖణేల్‌మంటే చేవ, అంటే లోపలి గట్టి కట్టె. డొల్ల మోత వస్తే లోపల ఏమీ లేదు, పైన డొప్ప మిగిలింది. మీ 12 అడుగుల దూలాన్ని 10 అనుకునే లెక్క కట్టుకోండి.

కూకట్‌పల్లి_కిరాయిదారు
ఏగిస గ్లాసులు షుగర్ ఉన్నవాళ్ళకని అమ్ముతారు, అదేనా?

వడ్లోళ్ళ_బిడ్డ
అదే చెట్టు. షుగరు తగ్గుతుందో లేదో నన్నడగొద్దు.

బిర్యానీలో_ఆలూ
షుగరున్న చిన్నాన్నకు ఒక దూలం కానుక. రోజూ కొంచెం నాకమను.

సున్నం_డబ్బా
అందరూ ఎగదోస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. నాలుగేళ్ళ కింద నేనూ ఇలాగే కరిగిపోయి నల్గొండ వైపు మా అమ్మమ్మ ఇంటి నుంచి రెండు దూలాలు తెచ్చాను. డీసీఎం బండికి కిరాయి, ఎక్కించడానికి ఆరుగురు, దించడానికి నలుగురు. నల్లమద్ది దూలం ఒక్కోటి దాదాపు క్వింటా. లిఫ్టులో పట్టదు. మెట్ల మలుపులో తిరగదు. పార్కింగులో పెట్టాం. కోత మిల్లుకు తీసుకెళ్తే మేకులున్నాయని ముట్టుకోనన్నాడు. ఇంకో మిల్లులో బ్లేడు పోతే డబ్బు నాదే అని ముందే ఒప్పించుకుని కోశాడు. పోయింది. డబ్బు కట్టాను. అప్పటి నుంచి రెండో దూలం పార్కింగులోనే ఉంది. అసోసియేషన్ మీటింగులో ప్రతిసారీ మొదటి అంశం అదే. పిల్లలు దాని మీద కూర్చుని ఫోను చూస్తారు, ఆ మాత్రం ఉపయోగం. అమ్మేయ్, ఫొటో తీసి పెట్టుకో.

ఉప్పల్_అక్క
పిల్లలు కూర్చుంటున్నారంటే అది బెంచీ అయిపోయినట్టేగా! నాలుగు కాళ్ళు పెట్టించు.

సున్నం_డబ్బా
అక్కా, మీరు మా సెక్రటరీతో మాట్లాడతారా?

గుంటూరు_గుమ్మం
మా వైపు మండువా లోగిళ్ళ దూలాలు గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రి దాకా దించిన టేకు. నీళ్ళలో నానిన కర్ర కాబట్టి చెద ముట్టదని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మీ భవంతి అంటే మా మండువా లాంటిదేనా?

నిజాం_గడియారం
నడుమ ఆకాశం కనిపించేదే రెండూ. వాన పడితే నీళ్ళు ఇంట్లోకే. పేరు దగ్గర గొడవ వద్దు, ఇంతకుముందు ఇలాగే మొదలై ఉలవచారు దాకా పోయింది.

వడ్లోళ్ళ_బిడ్డ
గుంటూరు అన్నా, నానబెట్టడం నిజమే, నీళ్ళలో ఉన్న కట్టెలో పురుగు తినే పిండి పదార్థం చాలా వరకు పోతుందంటారు. కానీ టేకును చెద వదిలేసేది అసలు దాని లోపలి నూనె వల్ల. అది కూడా చేవలోనే. బయటి తెల్ల భాగాన్ని టేకైనా తినేస్తుంది. పాత దూలాల్లో ఆ తెల్లది చాలా తక్కువ, ఎందుకంటే ముసలి చెట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు తోటల్లో ఇరవై ఏళ్ళకే కొట్టేస్తున్న టేకులో తెల్లది చాలా ఎక్కువ. పాత కట్టె తేడా అక్కడుంది, మంత్రమేం లేదు.

గచ్చిబౌలి_గడప
పాత ఇంటి కలప కొత్త ఇంటికి వాడకూడదు అంటారు కదా వాస్తు ప్రకారం?

టేపు_పట్టినవాడు
పాత ఇంటి డబ్బు వాడొచ్చా మరి?

గచ్చిబౌలి_గడప
నేను అడిగాను అంతే. కోపమెందుకు.

ఉప్పల్_అక్క
గడప గారు, మా అత్తగారూ అదే అన్నారు. ద్వారానికి కాదు, కూర్చునే బల్లకే అని చెప్పాక ఒప్పుకున్నారు.

నా సంగతి చెప్తాను, మనవడికి పనికొస్తుంది. మా పుట్టింటి నడిమింట్లో ఒక దూలానికి ఉయ్యాల గొలుసులు వేసేవాళ్ళు. మా నాన్న, మేనత్తలు, నేను, తమ్ముళ్ళు అందరం అక్కడే ఊగాం. గొలుసు రాసుకుని రాసుకుని దూలం పై అంచు మీద రెండు గాళ్ళు పడ్డాయి, మూరెడు దూరంలో. వేలు పెడితే సగం వేలు దిగేది, లోపల గాజులా నున్నగా. ఇల్లు దింపినప్పుడు ఆ ముక్క వరకు కోయించి ఉప్పల్ తెచ్చాను, డైనింగు టేబుల్ పక్కన బల్ల చేయించడానికి. వడ్రంగికి పది సార్లు చెప్పాను, ఆ గాళ్ళు అలాగే ఉండాలని. సరే మేడం అన్నాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. టీ తెచ్చేసరికి రందా మిషనుతో చిత్రిక పట్టించేశాడు. "గుంతలు పడ్డాయి మేడం, నీట్‌గా చేసిన" అని సంతోషంగా చూపించాడు. చేతిలో ట్రే ఉంది కాబట్టి సరిపోయింది.

బల్ల బాగానే ఉంది. అందరూ మెచ్చుకుంటారు. నేను దాని మీద కూర్చోను.

కూకట్‌పల్లి_కిరాయిదారు
అయ్యో అక్కా.

వడ్లోళ్ళ_బిడ్డ
మావాళ్ళ తరఫున క్షమించండి. పనివాడి కంటికి గుంత అంటే తప్పు. చెప్తే సరిపోదు, ఆ చోట టేపు అంటించి, "ముట్టొద్దు" అని రాసి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

రంగుల_రాట్నం
తలుపులకు పాత ఆకుపచ్చ, నీలం ఆయిల్ పెయింట్ ఉంటే ఇంట్లో సాండింగ్ చేయించొద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు వేసిన ఏ పొరనూ నమ్మడానికి లేదు. ఆ దుమ్ము చిన్న పిల్లలకు చాలా చెడ్డది. తడిపి గీకించండి, మాస్కు పెట్టించండి, ఊళ్ళోనే ఆరుబయట చేయించండి.

సున్నం_డబ్బా
చూశారా, ఇంకో ఖర్చు.

చెక్‌పోస్ట్_బాధితుడు
ఎవరూ చెప్పని మాట. కలప రోడ్డెక్కితే కాగితం కావాలి, పాత ఇంటిదైనా సరే. మా లారీని దారిలో ఆపి పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. "అడవి కట్టె కాదు సార్, మా ముత్తాత ఇల్లు" అంటే ముత్తాతను తీసుకురమ్మన్నట్టు చూశారు. రెండోసారి నేను ముందే సర్దుకున్నాను. దింపకముందు ఇంటి ఫొటోలు, ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన లెటరు, ముక్కల లెక్క, కొలతలు. ఇవి పట్టుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్ళి అనుమతి తీసుకున్నాక బండి కదిపాను. మీ రేంజ్‌లో ఏమేం అడుగుతారో ముందే కనుక్కోండి. ఆదివారం లారీ అంటే ఆఫీసు మూసే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

మల్కాజిగిరి_మనవడు
ఇది నిజంగా నా బుర్రలో లేదు. థాంక్స్ అన్నా.

వెనక్కి_చూపు
దింపడమే ఎందుకు? దోమకొండ గడి, అంటే కోట చూడండి, కామారెడ్డి జిల్లాలో. బాగు చేసుకుంటే 2022లో యునెస్కో అవార్డు వచ్చింది.

మల్కాజిగిరి_మనవడు
అది గడి అన్నా, సంస్థానం వాళ్ళది. మాది మూడు వాటాల ఇల్లు, వెనక గోడ లేదు. ఒక చిన్నాన్నకు మోకాళ్ళ ఆపరేషన్ ఖర్చు ఉంది. బాగు చేయడానికి ఎవరి జేబులోంచి తీయాలో చెప్పండి.

వెనక్కి_చూపు
ఆ మాట నిజమే.

పాత_దర్వాజల_భాయ్
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. నేను ఈ వ్యాపారమే చేస్తాను, పదిహేనేళ్ళు. మమ్మల్ని దొంగల్లా చూడకండి. కూలే ఇంటి మీదికి ఎక్కి పెంకు తీసి, మట్టి దించి, దూలం తాడు కట్టి దింపేది మా మనుషులు. నిరుడు ఒకడు నడుం విరగ్గొట్టుకున్నాడు. తెచ్చిన దాంట్లో మూడో వంతు పొయ్యికే పోతుంది. గుత్త అంటే ఆ నష్టం కూడా మా మీదే వేసుకోవడం.

కానీ నిజం కూడా చెప్తాను. టేపు అన్న కట్టె లెక్క వేస్తున్నాడు, మేం కట్టె చూసి ధర కట్టం. మేం ఇంటి చుట్టూ తిరిగేది ఊరికే. కళ్ళు దర్వాజ మీదే ఉంటాయి. చెక్కడం ఉన్న పెద్ద దర్వాజ, రెక్కలు, గొళ్ళెంతో సహా మొయినాబాద్, శంకర్‌పల్లి ఫామ్‌హౌసులకు పోతుంది. అక్కడ అడుగుల లెక్క ఉండదు. స్తంభాలకైతే కారైకుడి సరుకుతో పోటీ ఉంది, చెట్టినాడు స్తంభాలు లారీల్లో వస్తున్నాయి. మన దర్వాజకు పోటీ లేదు. మనవడు గారు, ఆయన్ని ఒక్క మాట అడగండి. "దర్వాజ మేం ఉంచుకుంటాం, మిగతాది ఎంత?" అప్పుడు ఆయన ముఖం చూడండి.

టేపు_పట్టినవాడు
భాయ్, ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది.

పాత_దర్వాజల_భాయ్
మొదటి రోజు నేను జనగామ ఆయన నాకు తెలిసినవాడేమో అని చూస్తున్నాను 🙏

కూకట్‌పల్లి_కిరాయిదారు
😂😂

వడ్లోళ్ళ_బిడ్డ
దర్వాజ ఉంచుకునేటట్టయితే గడ్డపార పెట్టి పీకనివ్వకండి. పాత పనిలో మేకులుండవు, ఒక ముక్క చివర చెక్కిన కుసి ఇంకో ముక్క బెజ్జంలో కూర్చుని అడ్డంగా చెక్క చీల దిగి ఉంటుంది. ఆ చీల వెనక నుంచి తట్టి తీస్తే కమ్ములు విడిగా వస్తాయి. ముక్కల మీద నంబర్లు సుద్దతో రాస్తే వానకు పోతాయి. రాయకముందు కుసుల దగ్గర బాగా తుడిచి చూడండి, మావాళ్ళు అప్పుడే గుర్తులు పెట్టి ఉంటారు.

మల్కాజిగిరి_మనవడు
రెండు రోజులు ఊళ్ళోనే ఉన్నాను. ఒక్కొక్కటీ చెప్తాను.

ఉలి పట్టుకుని నిచ్చెనెక్కాను. 22లో 7 మాత్రమే టేకు, 12 నల్లమద్ది, 3 వేప. వేపవి మూడూ డొల్ల. ఒకదాంట్లోకి గడ్డపార దానంతటదే దిగిపోయింది, చెద మట్టి నెత్తిన పడింది. స్తంభాలు ఎనిమిదీ టేకే. తోలు చెప్పు వాసన వచ్చింది, నేను కేక పెడితే చిన్నాన్న పాము అనుకుని పరుగెత్తుకొచ్చాడు.

గుత్తాయనకు ఫోన్ చేసి దర్వాజ వద్దన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత "అయితే లక్షా ఇరవై" అన్నాడు. ఒక్క దర్వాజకు అరవై వేలు అనుకున్నాడన్నమాట, నోటితో మాత్రం ఎప్పుడూ దర్వాజ పేరెత్తలేదు. ఇంకొకాయన్ని పిలిచి టేపు పెట్టించాం. చివరలు కోసేస్తే టేకు దూలాలు 23, స్తంభాలు 16, కలిపి 39 అడుగులు 1,800 చొప్పున 70,200. నల్లమద్ది 40 అడుగులు 700 చొప్పున 28,000. వాసాలు, చిన్న దర్వాజలు కలిపి 45,000. మొత్తం 1,43,200. టేపు అన్న చెప్పినంత రాలేదు గానీ దర్వాజ మా దగ్గరే ఉంది.

టేపు_పట్టినవాడు
నేను అన్నీ టేకు అనుకున్నాను, తప్పు నాదే. వాసాలు కూడా కొలిపించాల్సింది.

మల్కాజిగిరి_మనవడు
నూట డెబ్భై వాసాలన్నా, ఎండ చంపేసింది.

దర్వాజ విప్పాం. వడ్లోళ్ళ బిడ్డ చెప్పినట్టే. కుసుల దగ్గర తుడిస్తే ఉలి గాట్లు, మొదటి మూలకు ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా, ఎదురు కమ్మి మీద అవే గాట్లు. చీలలు తడితే వచ్చాయి, వాటిలో ఒకటి ఇప్పుడు నా కారు డ్యాష్‌బోర్డు మీద ఉంది. గడప నడుమ అరిగి దోసిలిలా ఉంది. పసుపు ఎన్ని పొరలో, గోటితో గీకితే కింద ఇంకా పసుపే.

గడప లేపితే కింద చార్మినార్ బొమ్మ ఉన్న చిన్న వెండి బిళ్ళ, నల్లగా అయిపోయిన గింజలు కొన్ని.

నిజాం_గడియారం
ఉస్మానియా సిక్కా, నిజాం కాలం నాటి నాణెం. శంకుస్థాపనకో, గడప పెట్టేటప్పుడో వేసి ఉంటారు. దాని మీద సంవత్సరం కనిపిస్తే చూడండి, అది ఫసలీ కాదు, హిజ్రీలో ఉంటుంది. మళ్ళీ 590 కలపొద్దు.

బిర్యానీలో_ఆలూ
ముగ్గురన్నదమ్ములు, ఒక బిళ్ళ. అసలు పంచాయతీ ఇప్పుడు మొదలవుతుంది.

మల్కాజిగిరి_మనవడు
మొదలవలేదు. బాపు దాన్ని చొక్కాకు తుడిచి పెద్ద చిన్నాన్న చేతిలో పెట్టాడు. ఆయన చిన్నాయన చేతిలో పెట్టాడు. సాయంత్రం చూస్తే మా నానమ్మ ఫొటో ముందు ఉంది.

గచ్చిబౌలి_గడప
దర్వాజ ఎక్కడ పెడతారు మరి? ఫ్లాట్‌లో పట్టదన్నారుగా.

మల్కాజిగిరి_మనవడు
ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగున్నర వెడల్పు. విప్పిన ముక్కలుగా మెట్ల మీద వస్తుంది, కొలిచాను. హాల్లో గోడకు ఆనించి మళ్ళీ బిగించి, లోపల పుస్తకాల అరలు పెట్టిద్దామని. రెక్కలకు ఆకుపచ్చ పెయింట్ ఉంది, అది ఊళ్ళోనే గీకించాలి. బాపు ఒకటే షరతు పెట్టాడు, గడప మీద ఎవరూ కూర్చోకూడదట.

వడ్లోళ్ళ_బిడ్డ
తెచ్చిన వెంటనే బిగించకండి. ఒక నెల గదిలో పడుకోబెట్టి ఉంచండి, ఏసీ గాలికి అలవాటు పడాలి. పని మొదలుపెట్టే రోజు చెప్పండి, నేనే వస్తాను. రందా మిషను తేను.

ఉప్పల్_అక్క
టీ నేను ఇంటి నుంచే పెట్టుకొస్తాను. నేను అక్కడి నుంచి లేవను.

మల్కాజిగిరి_మనవడు
కాగితాలు మంగళవారం వస్తాయన్నారు, బుధవారం బండి. ఒక నల్లమద్ది దూలం మంచిది అమ్మకుండా పక్కన పెట్టాం, పదడుగులు, చివరలు కోసేసినది. కాగితంలో దాన్ని కూడా రాయించాను. ఎవరికైనా కావాలా? బండిలో చోటుంది.

సున్నం_డబ్బా
పొడవు సరిగ్గా ఎంత? మా పార్కింగులో ఉన్నదానికి జత అవుతుందేమో.